రెండు భాషలు తిప్పి పంపిన నవల

నా మొదటి నవలను రెండు భాషలు తిప్పి పంపాయి. ఒక భాష వద్దనడం రాసేవాళ్లందరికీ జరిగేదే. రెండూ చేతులు దులుపుకోవడం మాత్రం తమిళనాట గుడియాత్తంలో పుట్టిన మాలాంటి తెలుగువాళ్లకే రాసిపెట్టి ఉంటుంది.

మాది ఇళ్లు కట్టే వంశం. మా నాయన మేస్త్రీ. ఊళ్లో అగ్గిపెట్టెల కంపెనీల గోడలు చాలావరకు ఆయన చేతి మీదుగా లేచినవే. మా అవ్వ, అంటే నాయన తల్లి, అంతకు ముందు కాలంలో గోడలకు సున్నం మోసిన మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం. తెలుగు అక్షరం ముక్క మా వీధిలో ఎవరికీ రాదు. ఒడుగత్తూరులో ఉన్న మేనత్తకు ఉత్తరం రాయాలంటే తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసేవాళ్లం. ఆమె అలాగే జవాబు రాసేది. పెళ్లిళ్లూ చావులూ అన్నీ అలాగే తెలిసేవి. అందులో మాకు వింతేమీ కనబడేది కాదు కాబట్టి నవల కూడా అలాగే రాశాను. తెలుగు పత్రికకు పంపేటప్పుడు కాస్త అనుమానం రాకపోలేదు. మాటలు తెలుగువే కదా, అక్షరాలు మార్చుకోవడం అచ్చాఫీసు వాళ్ల పని అని సర్దిచెప్పుకున్నాను.

నవల అవ్వ గురించే. కట్టుబడి పనిలో ఆడది ఎన్నేళ్లు చేసినా మోసేదే తప్ప కట్టేది కాదు. తాపీ మగవాడి చేతిలోనే ఉండాలి. మా అవ్వకు అది నచ్చలేదు. గోడ కట్టేటప్పుడు నిలబడడానికి కట్టెలతో మంచెలాగా కడతారే, దాన్ని మేము సారం అంటాం. ఒకరోజు అవ్వ సున్నం గంపతో సారం ఎక్కి, మేస్త్రీ పక్కన పెట్టిన తాపీ తీసుకుని, ఒక వరస ఇటుక నేను కట్టాల్సిందే, అందాకా దిగను అని అక్కడే కూర్చుంది. ఆ రోజుతోనే నా నవల మొదలవుతుంది.

మొదటి ఉత్తరం బెజవాడ నుంచి వచ్చింది. మీ తమిళ నవల అందింది, మేము తమిళ రచనలు వేయము, తమిళ పత్రికకు పంపుకోగలరు అని. ఆ రోజు నేను అన్నం తినలేదు. తర్వాత, పత్రిక పెద్దలు చెప్పారు కదా అని, మద్రాసులో ఒక తమిళ వారపత్రికకు పంపాను. బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు గానీ, అప్పుడు నాకు ఎవరో ఒకరు చదివితే చాలు. ఆ సంపాదకుడు ఒకటి రెండు పేజీలు కష్టపడి చదివినట్టున్నాడు, పాపం. అక్షరాలు మావే కానీ భాష మాది కాదు, తెలుగు పత్రికకు పంపి చూడండి అని రాశాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎలా ఉంటాడో అద్దంలో చూసుకున్నాను. ఈసారి మాత్రం అన్నం తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలి ఎక్కువ.

రచన తిరిగి రావడం మంచిదే, మనిషి రాటుదేలతాడు అని చెప్పేవాళ్లు తర్వాత చాలామంది తగిలారు. వాళ్లలో ఎక్కువమంది జన్మలో ఏమీ రాయనివాళ్లు. దెబ్బ దెబ్బే. అది తగిలిన చోట నొప్పి పుడుతుంది తప్ప జ్ఞానం పుట్టదు. నాకు తెలిసిన మందు ఒక్కటే, మొండితనం. అది మా ఇంట్లో కొదవ లేని సరుకు.

బజారు వీధిలో చిల్లర కొట్టు శెట్టిగారి కోడలు చిత్తూరు నుంచి వచ్చిన మనిషి. నాకు తెలిసి ఊళ్లో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. నేను అక్కా అని పిలిచేదాన్ని. నవలలు రాసి పంపండి అని పత్రికలో పడిన సంగతి నాకు మొదట చెప్పిందీ ఆమే. మధ్యాహ్నం బేరాలు తగ్గాక నన్ను బియ్యం మూటల మధ్య కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. తమిళంలో ఒక్క అక్షరంతో జరిగిపోయే చోట తెలుగుకు క, ఖ, గ, ఘ అని నాలుగు కావాలని తెలిసినప్పుడు తెలుగువాళ్ల మీద చిరాకు కూడా పడ్డాను. అయినా నేర్చుకున్నాను. నేర్చుకుని, నవల మొత్తం తెలుగు అక్షరాల్లో మళ్లీ రాసి, అదే బెజవాడ పత్రికకు పంపాను.

ఈసారి సంపాదకుడే స్వయంగా రాశాడు. కొట్టు ముందు నిలబడి చదువుకున్నాను. కథ బాగుంది, వేసుకుంటాం అన్నాడు. కాళ్లు నేల మీద నిలవలేదు. తర్వాతి వాక్యం దగ్గర మళ్లీ నేల మీదికి వచ్చాను. భాష మార్చాలట. ఇది తెలుగులా లేదు, సగం అరవం, మా పాఠకులకు అర్థం కాదు, నెలాఖరులోగా మంచి తెలుగులో తిరగరాసి పంపితేనే వేస్తాం అని. దారి చూపడానికి మొదటి పేజీలు ఆయనే వేరే కాగితాల మీద ఎర్ర సిరాతో తిరగరాసి, నవలతో పాటు తిప్పి పంపాడు. ఆ దిద్దుబాటులో మా అవ్వ సారం మీద కూర్చుని, దయచేసి నన్ను ఒక వరుస కట్టనివ్వండి అంటోంది. మా అవ్వ బతికినన్నాళ్లూ దయచేసి అన్న మాట ఎవరితోనూ అనలేదు. దేవుడితో కూడా అనలేదు.

నేను ఇప్పుడు ఈ వాక్యాలు రాస్తున్న తెలుగు ఆ తర్వాత చదివి చదివి నేర్చుకున్నదే. దాని మీద నాకు కోపం లేదు. దాన్ని తీసుకెళ్లి మా అవ్వ నోట్లో పెట్టమంటే మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

అక్క మెల్లిగా చెప్పి చూసింది. ముందు అచ్చు కానీ, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు అంది. నాయన అంత మెత్తగా చెప్పే మనిషి కాదు. ఆయన మా వీధిలో పార్టీ శాఖకు కార్యదర్శి. రెండు కళగాలూ, అదే రెండు ద్రావిడ పార్టీలూ, ఊళ్లో ప్రతి గోడ కోసమూ కొట్టుకుంటున్న రోజులవి. వేదిక ఎక్కితే ఆయన నోట్లోంచి ఇంట్లో ఎన్నడూ వినని అచ్చ తమిళం జలజలా రాలేది. ఓట్ల కోసం మా వీధుల్లో గడప గడపకూ తిరిగేటప్పుడు మాత్రం తెలుగే.

"సదువుకున్నోళ్లు సెప్తే దాంట్లో నాయం ఉంటాది మా. మార్చి రాసిస్తే నీ పేరు అచ్చులో వస్తాది గదా," అన్నాడు.

"వేదిక మీదకి ఒక నాలిక, ఓటుకి ఒక నాలిక, నీకు రెండు ఉండాయి నాయనా. నాకు ఒకటే ఉండాది," అన్నాను.

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆ రోజు నుంచి ఆయన నాకు చెప్పాల్సిందంతా అమ్మతోనే చెప్పించేవాడు. అమ్మ మధ్యలో నలిగిపోయింది.

పైకి అంత గట్టిగా అన్నాను గానీ, ఒక్క మాట లోపల కొరుకుతూనే ఉంది. పాఠకులకు అర్థం కాదు. అదే నిజమైతే? నేను రాసింది నాకూ మేనత్తకూ తప్ప ఎవరికీ పట్టని గొణుగుడైతే? నెలాఖరు దగ్గర పడుతోంది. పేరు అచ్చులో చూసుకోవాలని నాకు మాత్రం లేదా? చచ్చేంత ఉంది.

అలా ఉండగా బజారు వీధి మొగలో పార్టీ సభ పెట్టారు. వేలూరు నుంచి పెద్ద వక్త రావాలి. సాయంత్రం కంపెనీలు వదిలే వేళకు జనం చేరారు. ముందు వరసల్లో అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్లు, వెనక కట్టుబడి పనివాళ్లు, ఎక్కువమంది మావాళ్లే. వక్త దారిలో ఎక్కడో ఆగిపోయాడు. అలాంటప్పుడు మైకు ఖాళీగా ఉండకూడదు. ఖాళీ అయితే జనం ఇళ్లకు పోతారు, పార్టీ పరువు పోతుంది. ఉన్నవాళ్లంతా మాట్లాడేశారు. నాయన రెండోసారి ఎక్కి, చెప్పిందే చెప్పి, గొంతు పోయి దిగాడు. ఆడవాళ్లు గంపలు సర్దుకుంటున్నారు.

నేను అక్క కొట్టు నుంచి వస్తూ సంచిలో నవలతో అక్కడే నిలబడి ఉన్నాను. ఎవరూ పిలవలేదు. ఎక్కేశాను. మేస్త్రీ కూతురు ఏదో పార్టీ పాట పాడుతుందనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. ఎర్ర సిరా పేజీలు పక్కన పెట్టి, నేను రాసింది రాసినట్టు చదవడం మొదలుపెట్టాను.

తమిళ వేదిక మీద మైకులో తెలుగు వినబడేసరికి మొదట నవ్వారు. చదువుతూనే ఉన్నాను. అవ్వ గంప ఎత్తుకునే చోటికి వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. సారం ఎక్కేసరికి గంపలు సర్దుకున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

మాట్లాడింది చాలు అని చెప్పడానికి వక్త చేతికి చిన్న చీటీ అందించడం పార్టీ సభల్లో మర్యాద. ఊరి కార్యదర్శి నుంచి నాకూ చీటీ వచ్చింది. తెలుగు వద్దు, ఆపు, అని తమిళంలో ఉంది. ఆయన ఇంట్లోనూ తెలుగే, అది ఊరందరికీ తెలుసు. అప్పటికి పత్రికల నుంచి మూడు ఉత్తరాలు అందుకున్నదాన్ని. ఇది నాలుగోది, అన్నిటికన్నా పొట్టిది. మడిచి సంచిలో వేసుకుని చదువుతూ పోయాను. ఆయన మైకు వాడికి సైగ చేశాడు. మైకు ఆగిపోయింది. నేను గొంతు పెంచాను. వెనకున్న జనం ముందుకు జరిగారు.

కార్యదర్శి నా వైపు రాబోతే నాయన అడ్డం నిలబడ్డాడు. నన్ను తిట్టడానికే లేచాడనుకున్నాను. ఆయన కార్యదర్శి భుజం మీద చెయ్యేసి, పోయిన గొంతుతో, అందరికీ వినబడేటట్టు, "కూసో అన్నా. మా అమ్మ కథ అది. ముగియనీ," అన్నాడు. వేదిక మీద ఆయన తెలుగు మాట్లాడగా విన్నది అదే మొదటిసారి. నాకు కళ్లు మసకబారి అక్షరాలు కనబడలేదు. ఆగిపోయాను.

సరిగ్గా అప్పుడే వీధి చివర టపాకాయలు పేలాయి. వక్త కారు వచ్చేసింది. పార్టీవాళ్లు దండలు పట్టుకుని పరుగెత్తారు. ఇక నా పని అయిపోయిందని కాగితాలు సర్దుకుంటుంటే ముందు వరసలో ఒకామె, చేతి వేళ్లకు ఇంకా అగ్గిపెట్టెల జిగురు అంటుకుని ఉన్నామె, కూర్చున్న చోటి నుంచి లేవకుండా అడిగింది.

"ఆయప్ప యాడికి పోతాడు, వస్తాడు లే. ఆ యమ్మ సారం దిగిందా లేదా, అది సెప్పు ముందు."

చెప్పాను. కారు దిగిన పెద్దమనిషి మెడలో దండతో పక్కన నిలబడి ఉండగా, అవ్వ ఇటుక వరస కట్టి దిగేదాకా చదివి గానీ నేను దిగలేదు.

మరునాడు నవలను ఉన్నదున్నట్టే మళ్లీ బెజవాడకు పంపుతూ సంపాదకుడికి జవాబు రాశాను. మావాళ్లు చదవలేరయ్యా, అది నిజం, ఒప్పుకుంటాను. అర్థం కాదన్నారు చూడండి, అది అబద్ధం. ఏమీ మార్చను.

నవల తిరిగి వచ్చింది. దారం కూడా విప్పకుండా, పై చిరునామా మాత్రం కొట్టేసి, ఇంకో పత్రికకు పంపాను.