పదహారు గళ్ల మాస్టారు

ఇందుమూలముగా కంకిపాడు బజారు జనానికి తెలియజేయునది ఏమనగా, నా మోటార్ల రివైండింగ్ షాపులో గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో ఇకమీదట ఎవరూ కూర్చోరాదు. స్క్రూడ్రైవర్ ఎరువడగ వచ్చినవారు నిలబడే అడగవలెను. అందులో కూర్చునే మాస్టారు గురువారం పొద్దున పోయారు.

ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక మానేసినవాణ్ణి. ఆయనకి వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కి బెజవాడ, మిగతా రోజులు నా షాపు. చేపల చెరువుల మోటార్లు నడిపే పాత బోర్డొకటి నా దగ్గర మూలపడి ఉంటే, దాని ప్రాసెసర్‌కి సొంతంగా కంపైలర్ రాస్తానని పట్టుకున్నారు. మనం రాసినదాన్ని ప్రాసెసర్‌కి తెలిసే ఆజ్ఞలుగా మార్చేదే కంపైలర్ అట. దాంతో బోర్డు మీద ఒక్క లైటు వెలిగించి పోవాలి. అంతే ఆయన కోరిక. ఓపిక మాత్రం రోజురోజుకీ తరిగిపోయేది.

నాకు అర్థం కావాలని పదహారు గళ్లున్న స్వీటు డబ్బా అట్ట, గుప్పెడు చింతగింజలు తెచ్చారు. ప్రాసెసర్ లెక్క చేసేటప్పుడు అంకెలు పెట్టుకునే చోట్లు రిజిస్టర్లు, ఈ గళ్లు అవే అనుకోమన్నారు. కొన్నిట్లో ఏదైనా పెట్టొచ్చు, కొన్నిట్లో చిరునామాలే పెట్టాలి, పెద్ద అంకెకి పక్కపక్క గళ్లు రెండు కావాలి. ఏ గడి ఎందుకో తరగతులుగా విడదీసి చెబితేనే కంపైలర్ తిన్నగా సర్దుతుందట.

"ఒకే గడి రెండు తరగతుల్లో ఉండొచ్చాండీ?"

"ఉండొచ్చురా. నువ్వు మెకానిక్‌వీ, వెధవవీ కాదూ?"

ఆయన టీ తాగుతుంటే గింజలు మార్చేసేవాణ్ణి. తలెత్తకుండానే ఏడో గడిలోది తియ్యమనేవారు.

నెలన్నరైనా లైటు వెలగలేదు. ప్రోగ్రాం మొదలై, మధ్యలో ఎటో పోయేది. ఒక మధ్యాహ్నం బెజవాడ నుంచి నేరుగా షాపుకే వచ్చారు, చేతికి కట్టుతో. నేను అల్లరికి, ఎప్పుడూ ఖాళీగా ఉంచే పద్నాలుగో గడిలో గింజ వేశాను. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఒరేయ్, పని మధ్యలో ఇంకో పనికెళ్తే, తిరిగి ఎక్కడికి రావాలో రాసుకునే గడిది. దీన్ని మామూలు తరగతిలో కలిపేశాన్రా."

అంటే ఎవరి అంకో వచ్చి అందులో కూర్చుని, తిరిగొచ్చే దారి చెరిపేస్తోందన్నమాట. జాబితాలోంచి ఆ ఒక్క గడీ తీసేశారు. సాయంత్రానికి లైటు వెలిగింది. కాసేపు చూసి, "సరే, ఆర్పు. కరెంటు దండగ," అన్నారు.

ఇక్కడిదాకా రాసేసరికి అలిసిపోయాను, అబద్ధం మొయ్యలేను. పద్నాలుగో గడిలో గింజ నేను వెయ్యలేదు. ఆయన పనిలో నాకూ కాస్త చోటుంటే బావుండునని కల్పించాను. తప్పు ఆయనే కనిపెట్టుకున్నారు, ఆ మాటలు తర్వాత టీ తాగుతూ అన్నవి. ఆ మధ్యాహ్నం నేను బల్లకి తల ఆనించి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి, షాపులో ఉన్న ఒక్క ఫ్యానూ నా వైపు తిప్పి ఉంది. మాస్టారు చెమట కాగితం మీద పడకుండా కట్టున్న చేత్తో తుడుచుకుంటూ, జాబితాలో ఏదో కొట్టేస్తున్నారు.