పాపకు పడని పాలు

1960ల్లో తడ నుంచి నెల్లూరు వచ్చే బస్సులో, మా ఐదేళ్ళ పాపకు మరచెంబులోని పాలు బలవంతంగా తాగిస్తున్నాను. పాలు తాగితే చాలు, కడుపునొప్పితో మెలికలు తిరిగేది. చిక్కి సగమైంది. దిష్టేమోనని తాయెత్తు కూడా కట్టించాను.

పక్కన గాజుల మలారంతో కూర్చున్న సాయబుల పెద్దావిడ అడిగింది.

“వాళ్ళ నాయన తాగుతాడామ్మా పాలు?”

“ముట్టరు. మా అత్తగారూ అంతే. ఇద్దరికీ మజ్జిగే.”

“ముక్కూ మొహం ఇచ్చినాయన కడుపు మాత్రం ఇయ్యకుండా ఉంటాడా తల్లీ?” అని నవ్వింది.

పాపలో వాళ్ళ పోలికలు మొహంలోనే వెతికాను గాని, కడుపులోనూ ఉంటాయని తోచలేదు.

మర్నాడు కృష్ణుడికి రోజూ పెట్టే పాలకు బదులు పెరుగు నైవేద్యం పెట్టి, పాపకు అదే తినిపించాను. సాయంత్రం దాకా ఆడుకుంటూనే ఉంది. దీపం పెట్టి, స్వామితోపాటు, నేను పేరైనా అడగని ఆ తల్లికీ దణ్ణం పెట్టుకున్నాను.