తెర వెనక మిషను

ఆ కంపెనీ సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ముందు హాలంతా అద్దాలు, కూర్చుంటే మునిగిపోయే కుర్చీలు, ఈగ వాలినా జారిపడేంత నున్నటి నేల. ఏ సందేహమైనా ఫోన్లో రాస్తే చాలు, రెప్పపాటులో మిషను జవాబిస్తుందని గోడంత బోర్డు. ఆ మిషను ఉండేది వెనక గదిలో. మిషనంటే ఏమనుకున్నారు? నలుగురు ఆడవాళ్ళు, నాలుగు కంప్యూటర్లు, గరగరలాడే ఒక ఫ్యాను. పైన పటారం, లోన లొటారం!

ఆ నలుగురిలో ఒకత్తి చిన్నది. నలభై దాటినా ఇంట్లో చిన్నదే. వాళ్ళక్క పెద్దది. మరకెలా పోతుంది, పిల్లాడి ఎక్కిళ్ళెలా తగ్గుతాయి, మొగుడు అలిగితే ఏం చెయ్యాలి... ప్రశ్నలు ఈగల్లా ముసిరేవి. అడిగినవాళ్ళ పేరుండదు, ఊరుండదు. చిన్నది టైపు కొడుతుంటే దానికి పది కాదు, పాతిక వేళ్ళున్నాయేమో అనిపించేది.

"అసలు మిషనెప్పుడొస్తుంది బాబూ?" అంటే యజమాని కుర్రాడు "రేపే ఆంటీ!" అనేవాడు. అందుకే వాడి పేరు రేపటిబాబు. ఈ గది గుట్టు కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదని ఉద్యోగమిచ్చినరోజే ఒట్టు వేయించుకున్నాడు. చిన్నది ఎక్కడో కాగితాలు సర్దుతోందనే ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఓ రోజు కంపెనీలో డబ్బు పెట్టే పెద్దమనుషులొచ్చారు. రేపటిబాబు ఈ నలుగురి ఫోన్లన్నీ సొరుగులో పడేసి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపి, గదికి బయట గడియ పెట్టబోయాడు.

"బాబూ, మా అమ్మ మంచంలో ఉంది. మధ్యాహ్నానికి వెళ్ళాలని చెప్పాగా!" అంది చిన్నది.

"డాక్టరు ఇంకో వారం ఢోకా లేదన్నాడని మీరేగా చెప్పారు ఆంటీ! వీళ్ళు పోగానే నా కార్లో దింపుతా. అందాకా తుమ్మొచ్చినా మింగెయ్యండి!"

గడియ పడింది. ఆ ఉక్కలో, చెమట కళ్ళలోకి కారుతుండగా వచ్చిందో ప్రశ్న. "మా అమ్మకి ఊపిరందట్లేదు. డాక్టరు ఇంక లాభం లేదని వెళ్ళిపోయాడు. నేనేం చెయ్యను?"

అయ్యో, ఎవరి తల్లో పాపం, అనుకుంది చిన్నది. మిగతావాటిలా గబగబా కొట్టిపారెయ్యడానికి చేతులు రాలేదు. "చెయ్యి పట్టుకోండి. పెదాలు తడపండి. చిన్నప్పటి ముచ్చట్లేవైనా చెవిలో చెప్పండి. ఆవిడకి వినిపిస్తుంది" అని రాసింది. ఆ తర్వాతి ప్రశ్న నూనె మరక. దానికీ రాసింది.

సాయంత్రం సొరుగు తీస్తే ఫోన్లో అక్క పిలుపులు పుట్ట పగిలిన చీమల్లా ఉన్నాయి. అమ్మ ఉన్న అక్కింటికి పరిగెత్తింది. అమ్మ లేదు.

"వచ్చావా మహారాణీ!" గుమ్మంలోనే అడ్డం నిలబడింది పెద్దది. "నీకోసం వాకిలి వైపే చూసి చూసి పోయిందే! నువ్వు ఫోనెత్తవు. దిక్కులేక మిషన్నడిగాను. ఇదిగో, చదువు! ప్రాణం లేని దానికున్న జాలి కడుపున పుట్టినదానికి లేకపోయింది!"

చిన్నది చదివింది. అన్నీ తన మాటలే. ఒట్టూ గిట్టూ ఏదీ గుర్తురాలేదు.

"అక్కా... ఇది రాసింది నేనే."

"ఏంటీ?"

"అక్కడ మిషన్లేదక్కా. మమ్మల్ని గదిలో పెట్టి గడియేసి..."

"నోర్ముయ్! అమ్మ ఒళ్ళింకా చల్లబడలేదు, అప్పుడే కోతలా? ఫో అవతలికి!"

అంతే, ఆనాటినుంచి అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. సాక్ష్యం చెప్పడానికి రండే అంటే, తోటి ముగ్గురూ ఒట్టు గుర్తుచేసి తలలు దించుకున్నారు. చిన్నది ఉద్యోగం మానలేదు. అక్క మళ్ళీ ఏదో ఒకటి అడక్కపోతుందా అని వచ్చిన ప్రతి ప్రశ్ననీ వాసన చూసినట్టు చదివేది.

ఇంతలో రేపటిబాబు రేపు నిజంగానే వచ్చింది! అసలు మిషను దిగింది. ఈ నలుగురి జవాబులన్నీ దానికి మేతేసి పెంచార్ట. వీళ్ళ ముందునుంచి కీబోర్డులు తీసేశారు. అదెలా రాస్తోందో నాలుగు రోజులు చూసి, ఇంటికి పొమ్మన్నారు.

అలా చేతులు కట్టుకుని చూస్తుండగా తెరమీదికొచ్చింది ప్రశ్న. "అమ్మ పోయినరోజు నాకు జవాబు రాసింది నువ్వేనా, మనిషా? తనే రాశానంటోంది మా చెల్లెలు. అది అబద్ధమాడే పిల్ల కాదు. నిజమైతే ఇప్పుడే వెళ్ళి దాన్ని ఇంటికి తెచ్చుకుంటా."

చిన్నది ఎగిరి లేచింది. "బాబూ, కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్కటీ నన్ను రాయనీ!"

"దేనికాంటీ? అదే చూస్కుం..."

వాడి మాట పూర్తికాలేదు. జవాబు వెళ్ళిపోయింది. "మంచి ప్రశ్న! ఇక్కడ మనుషులెవరూ లేరండీ. ఆ రోజు మీకు జవాబిచ్చింది నేనే."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది అక్కింటికి. పెద్దది తలుపు సగమే తీసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"దాన్నడిగానే చిన్నదానా" అంది మెల్లిగా.

ఇల్లు పొరపాటుపడి వచ్చినవాళ్ళని పంపించినట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.