పరగడుపు గోలీ

మేం బతుకుదెరువుకు వలస వచ్చిన నవాగాంలో మా పక్క గదిలో ఉండే ఎల్లవ్వక్క ఇంట్లోనే కూర్చుని చీరల దారాలు కత్తిరించేది. భర్త మొండయ్య మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఆమె కిడ్నీలు రెండూ పాడై మూడేళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని వచ్చి మళ్లీ కత్తెర పట్టేది.

పోయిన ఎండాకాలం అక్క కాలివేళ్లు నల్లబడ్డాయి. డయాలసిస్ సెంటర్‌కు కొత్తగా వచ్చిన డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. పాదంలో రక్తనాళాలు ఎముకల్లాగే తెల్లగా కనిపించాయి.

"నరాల్లో సున్నం పేరుకుంది. ఈ గోలీ ఎప్పుడు వేసుకుంటావమ్మా?" అని ఆమె మందుల్లోంచి ఒకటి తీసి చూపిస్తూ అడిగాడు.

"పొద్దుగాల, పరగడుపున. గట్లనే ఇచ్చిన్రు."

డాక్టరు విడమరిచి చెప్పాడు. అది అన్నంతోపాటు వేసుకోవాల్సిన గోలీ. తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా ఆపుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పని చేయదు సరికదా, అందులోని కాల్షియం రక్తంలో కలుస్తుంది. ఫైలు తిప్పితే, నెలనెలా చేసిన రక్తపరీక్షల్లో పదకొండు నెలలుగా ఫాస్ఫరస్ ఎనిమిదికి పైనే ఉంది. ఐదున్నర దాటొద్దట.

అక్క ఆ ఫైలు పట్టుకుని సెంటర్ ఇన్‌చార్జి గదిలోకి పోయింది. వెనకాలే మొండయ్య, నేను.

"నెలనెలా సీసాలు నింపుకున్నరు గదా! ఎవలికోసం గుంజిన్రు నా రక్తం?"

"మీకు చదువు రాదు. చెప్తే ఏం అర్థమవుతుంది?" అన్నాడతను ఫోన్ చూస్తూనే.

"సదువు రాదు, చెవులు గూడ లేవా? అన్నంల ఏసుకో అని ఒక్క మాట! గా మాట చెప్తానికి మీ నోరు పడిపోయిందా?"

మొండయ్య ఆమె చెయ్యి పట్టి లాగాడు. "ఊకోయే. రేపు మిషన్ ఎక్కనియ్యకుంటే ఏం జేస్తం?"

"ఇప్పుడు మాత్రం ఏం బతకనిస్తున్నరు?"

మరుసటి నెల రక్తం తీసే రోజున అక్క చెయ్యి చాపలేదు. పోయిన నెల రిపోర్టు చదివి చెప్పాకే రక్తం ఇస్తానంది. పక్క మంచం మీది శ్యాంసుందర్ కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న గుజరాతీ ముసలాయన. చివరికి డాక్టరే వచ్చి ఒక్కొక్కరి అంకెలు చదివి వినిపించి, గోలీ ఎప్పుడు వేసుకుంటున్నారో అడిగాడు. ఆ పూట హాల్లో ఉన్న తొమ్మిది మందిలో ఆరుగురు ఆ గోలీని పరగడుపునే మింగుతున్నారని ఆ రోజు బయటపడింది. హాలంతా అరుపులు.

ఇప్పుడు ప్రతినెలా చదువుతున్నారు. అక్క ఫాస్ఫరస్ ఐదుకు దిగింది. కానీ పేరుకున్న సున్నం కరగలేదు. వానాకాలంలో రెండు వేళ్లు తీసేశారు.

ఇన్‌చార్జి ఆసుపత్రి వార్డుకు వచ్చి, "పోనీలే అమ్మా, ప్రాణం దక్కింది" అన్నాడు.

అక్క దుప్పటి తీసి, కట్టు కట్టిన కాలు అతని ముందుకు చాపింది.

"మంచిగ చూడు," అంది. అతను తల తిప్పుకుంటే, "గిటు చూడు!" అని వార్డంతా వినబడేలా అరిచింది.