మధ్యాహ్నం మోగించవద్దు

మా ఎక్స్ఛేంజి సూపర్‌వైజరు గారు పోయారు. తిరువూరులో ఫోనున్న ప్రతి ఇంటికీ లైను కలిపిన మనిషి పోయిన కబురు మాకు ఫోనులో రాలేదండీ, సైకిలు మీద వచ్చింది. ఆ పొద్దున ఆయనింటి ఫోను పనిచేయలేదు. ఎందుకో చెబితే మీకూ నాలాగే ఒళ్లు మండుతుంది.

ఆయనకు కార్డుల పిచ్చి. అంతకుముందు మేం ఆపరేటర్లం ఎవరి లైను సంగతి, బోర్డు మీద వాళ్ల తీగ కలిపే కన్నం పక్కనే కాగితం ముక్క మీద రాసి అంటించేవాళ్లం. ఆ బోర్డు తీసి కొత్తది పెట్టినప్పుడు ముక్కలన్నీ పాతదానితోపాటే లారీ ఎక్కి పోయాయి. పత్తి కొట్టుకు చేసిన ఫోన్లు కాంపౌండరు ఇంట్లో మోగాయి. ఊరంతా మమ్మల్ని తిట్టిపోసింది. అప్పటినుంచి ఇంటికో కార్డు రాయించి చెక్కపెట్టెలో పెట్టించారు. ఏ తీగ, ఏ నంబరు, ఎలా మోగించాలి, అన్నీ అందులో ఉండాల్సిందే. 'డాక్టరు గారు: ఇంట్లో ఎత్తకపోతే ఆస్పత్రికి.' 'మామిడికాయల షావుకారు: మధ్యాహ్నం మోగించవద్దు, నిద్రపోతారు.'

"బోర్డు మీద ఉందిగా సార్, మళ్లీ కార్డెందుకు?" అని విసుక్కునేదాన్ని.

"కన్నం మారుద్ది అమ్మాయ్, ఇల్లు మారదు. రాయి," అనేవారు.

సిరా అలుక్కుంటే కార్డు చించి మళ్లీ రాయించేవారు. నేను చేయి కడుక్కుని టిఫిను డబ్బా ముందు కూర్చున్నాక కూడా! తన భోజనం వేళకు మాత్రం ఇంటికి రెండుసార్లు మోగించి ఆపేసేవారు. ఎసరు పెట్టమని దానర్థం. ఆయన భార్య, మేమంతా పిన్నిగారనేవాళ్లం, ఫోను ఎత్తేవారే కాదు.

"మీ ఇంటి కార్డేదీ సార్?" అని ఒకసారి అడిగాను.

"మనింటికి కార్డెందుకమ్మా, నేనున్నాగా!"

ఈమధ్య ఇంకా పెద్ద బోర్డు వచ్చింది. కార్డులు ముందు పెట్టుకుని ఒక్కో లైనూ కలుపుతూ పోయాం. ఒక్క ఫోనూ తప్పుగా మోగలేదు. ఈసారి ఎవరిచేతా మాట పడలేదంటే అది ఆయన చలవే. "మీదీ కలిపేయండి సార్," అని పోరాను. "జనానివి కానియ్, మనది చివర," అన్నారు.

మర్నాడు పొద్దునే ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. పిన్నిగారు ఫోనెత్తితే చప్పుడు లేదు. పక్కింటాయన సైకిలేసుకుని డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు గారి ఫోను మాత్రం లక్షణంగా పనిచేస్తోంది! ముందే తెలిసుంటే బతికేవారా అని అడిగితే, "చెప్పలేనమ్మా," అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది. ఏం మనిషండీ మా సారు!

ఆయన పోయిన వారానికి ఆ లైను కలపడానికి కూర్చున్నాను. విడిగా మిగిలిన తీగల్లో ఆయనది ఏదో ఎవరికీ తెలియదు. కార్డు లేదు కదా. ఒక్కో తీగ మీదా రెండేసిసార్లు మోగించి చూస్తూ పోయాను. మధ్యాహ్నం భోజనం వేళైందని గడియారం చూసుకోలేదు. ఒకచోట రెండోసారి మోగించి ఆపాక, ఎవరో ఎత్తారు.

"హలో, ఎవరండీ?" అన్నాను.

"నువ్వా అమ్మాయ్?" పిన్నిగారి గొంతు. "రెండుసార్లు మోగిందని ఎసరు పెట్టబోయానే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మీద కోపమూ ఆగలేదు. పెట్టె దగ్గరికి లాక్కుని కొత్త కార్డు తీశాను. సిరా అలుక్కోకుండా ఆ తీగ, ఆ నంబరు వేశాను. కింద రాశాను: మధ్యాహ్నం మోగించవద్దు.