మామ అంబాసిడర్‌కు నేను బిగించిన ఫ్యాన్

మా బామ్మర్ది పెళ్ళిలో అప్పగింతల దాకా ఎవరూ ఆగలేదు. ఇంకా తాళి కూడా కట్టకముందే, నడిరోడ్డు మీద, పట్టపగలు, మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ కలిసి బోరున ఏడ్చారు. బ్యాండువాళ్ళు వాయించడం ఆపి మరీ ఏడ్చారు. అంతమందిని ఒకేసారి ఏడిపించిన ఘనుడు ఆ ఇంటి పెద్దల్లుడు, అంటే నేను. ఇది జరిగి మూడేళ్ళయింది. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు, మా అత్తారింట్లో ఇంకా నవ్వడం ఆపలేదు.

మా మామది చిట్కుల్. ఫ్యాక్టరీలు వచ్చి చుట్టూ పొలాలు మాయమైనా ఆయన దగ్గర రెండు మాత్రం మారలేదు. ఒకటి మాట, రెండోది తెల్ల అంబాసిడర్. ఆ కారు వాళ్ళ నాన్నది. మామ పెళ్ళికొడుకుగా అందులోనే వెళ్ళాడు. కాబట్టి ఒక్కగానొక్క కొడుకు నవీన్ కూడా అందులోనే వెళ్ళాలని, వాడు పుట్టిన రోజే తీర్మానించేశాడు. వాడు సన్‌రూఫ్ ఉన్న కారు కిరాయికి తెచ్చుకుంటానని ఒకసారి నసిగితే, "గట్లయితే పిల్లను గూడ కిరాయికి తెచ్చుకో" అన్నాడట. ఆ తర్వాత ఇంట్లో ఆ ప్రస్తావన రాలేదు.

కారుకు ఒకటే జబ్బు. రోడ్డు మీద పరిగెత్తినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. పటాన్‌చెరు చౌరస్తాలో పది నిమిషాలు ఆగిందంటే ఇరానీ హోటల్ చాయ్ గిన్నెలా మరిగిపోతుంది. పెళ్ళేమో మే నెలలో. సంగారెడ్డి దగ్గర ఫంక్షన్ హాలు. హైవే మీద ఇబ్బంది లేదు కానీ, చివరి అర కిలోమీటరు బారాత్ ఉంది కదా. ముందు బ్యాండు, దాని వెనుక చిందులు, ఆ వెనుక కారు. అర కిలోమీటరుకు గంట పడుతుంది. అన్నం తిన్న కొండచిలువ కూడా అంతకంటే జల్దీ నడుస్తుంది.

మామ ఖాజా భాయ్‌ని పిలిపించాడు. సంగారెడ్డిలో ఆయనకు రేకుల షెడ్డు ఉంది, ముప్పై ఏళ్ళుగా ఈ కారుకు ఆయనే డాక్టరు. ఆయన బానెట్ ఎత్తి చూసి, రేడియేటర్ నిండా తుప్పు పేరుకుందని, విప్పి కడిగితే సరిపోతుందని, ఒక్క రోజు పని అని చెప్పాడు. అక్కడితో కథ అయిపోవాలి. అయిపోయేదే. కానీ ఖర్మ కాలి ఆ పూట నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"కడిగితే ఏమైతది మామా," అన్నాను. "గాలి సాల్త లేదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలె."

నేను చెప్పింది అబద్ధం కాదు. పాత కార్లలో ఫ్యాన్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది. ఇంజన్ మెల్లగా తిరిగితే ఫ్యాన్ కూడా బద్ధకిస్తుంది. కరెంటు ఫ్యాన్‌కు ఆ గొడవ లేదు, కారు ఆగి ఉన్నా గిర్రున తిరుగుతుంది. నా జీవితంలో కొంపలు ముంచినవన్నీ ఇలాంటి సగం నిజాలే.

"నీకు చేతనైతదా అల్లుడా?" అన్నాడు మామ, అనుమానంగా.

"బొల్లారంల ఫ్యాక్టరీ మొత్తం నేనే సల్లగ ఉంచుతున్న మామా. గీ ఒక్క కారు ఎంత?"

ఇక్కడ ఒక చిన్న రహస్యం చెప్పాలి, మీలోనే ఉంచుకోండి. నేను మందుల ఫ్యాక్టరీలో చల్లటి నీళ్ళ ప్లాంటుకు ఇన్‌చార్జిని. పేరు గొప్పదే. అక్కడ స్పానర్ పట్టే పని మా బిహారీ ఫిట్టర్‌ది. గంటకోసారి మీటర్ చూసి రిజిస్టర్‌లో రాసే పని నాది. ఈ తేడా మామకు తెలియదు. తెలియకుండా పదేళ్ళు జాగ్రత్తపడ్డాను.

ఆదివారం పటాన్‌చెరులో ఒక స్క్రాప్ దుకాణానికి వెళ్ళి, యాక్సిడెంట్ అయిన చిన్న కారులోంచి పీకిన రేడియేటర్ ఫ్యాన్ ఒకటి పట్టుకొచ్చాను. దుకాణం వాడు బ్యాటరీ తగిలించి తిప్పి చూపించాడు. రయ్యిమంది. బోల్టులు బిగించడానికి దానికి ఉండాల్సిన నాలుగు చెవుల్లో ఒకటి విరిగిపోయింది, రెక్కల మీద ఉండాల్సిన జాలీ అసలే లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నేను కొన్న ఫ్యాన్‌కు మూడే బోల్టులు. తేడా ఏముంది?

బిగించే దగ్గర తంటా వచ్చింది. రేడియేటర్ వెనుక చోటు లేదు. సరే, ముందు పెడదామంటే మోటారు పొట్టలా పొడుచుకొచ్చి రేడియేటర్‌కు తగులుతోంది. చెమటలు కక్కుతూ అరగంట ఆలోచించి, ఫ్యాన్‌ను అటుదిటు తిప్పేశాను. మోటారు కారు ముందున్న జాలీ వైపుకు వచ్చింది, చక్కగా అమరింది. ఈ తిప్పిన సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను. ఇంజన్‌కున్న పాత ఫ్యాన్ ఇక దండగని విప్పి అటక ఎక్కించాను.

తర్వాత డ్యాష్‌బోర్డుకు ఒక స్విచ్ పెట్టి, దాని కింద ఫ్యాక్టరీ పద్ధతిలో "కూలింగ్ ఫ్యాన్ - 1" అని అచ్చు వేయించిన పట్టీ అతికించాను. రెండోది ఎక్కడుందని ఎవరూ అడగలేదు. అంతటితో ఆగినా బాగుండేది. మా మందుల ఫ్యాక్టరీల్లో ఒక ఆచారం ఉంది. బల్బు మార్చినా కాగితం రాయాలి. దాని కింద ఇద్దరు సంతకం పెట్టాలి, ఒకరు పని చేసినవారు, ఇంకొకరు దాన్ని సరిచూసినవారు. ఇద్దరూ వేర్వేరు మనుషులై ఉండాలి. ఆ నియమం ఎందుకు పెట్టారో ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా అలవాటు కొద్దీ మామ కారుకు కూడా అలాంటి కాగితం తయారు చేశాను. 'చేసినవారు' దగ్గర సంతకం పెట్టాను. 'సరిచూసినవారు' దగ్గర ఎవరితో పెట్టించాలా అని చుట్టూ చూస్తే నా అంత తెలిసినవాడు కనబడలేదు. అక్కడా నేనే పెట్టేశాను. కాగితాన్ని మడిచి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదినీ కారు ముందు నిలబెట్టి, ఇంజన్ ఆన్ చేయకుండానే స్విచ్ నొక్కాను. ఏం గాలి! మామ భుజం మీద తువ్వాలు ఎగిరింది. మా ఆవిడ జుట్టు సవరించుకుంటూ, పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది. అత్తమ్మ, ఈ గాలి వంటింట్లోకి వస్తే ఎంత బాగుండేదని వాపోయింది. మామ అప్పుడే వచ్చిన ఖాజా భాయ్‌తో మా అల్లుడు ఇంజనీరని చెప్పాడు. ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ ఇంట్లో నన్ను ఇంజనీరని అనడం అదే మొదలు. అదే చివర కూడా.

ఖాజా భాయ్ ఆ గాలికి గడ్డం ఊగుతుండగా కాసేపు నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"గాలి మస్తుగ వస్తుంది సార్. ఇంజన్‌కు గూడ వస్తుందా?"

నేను జాలిగా నవ్వి, ఫ్యాక్టరీల్లో నీళ్ళు ఎలా చల్లబడతాయో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, "మీరు సదువుకున్నోళ్ళు సార్," అని చాయ్ తాగి వెళ్ళిపోయాడు. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందట. ఆ రోజు ఆ ఇంట్లో అన్నీ తెలిసినమ్మను నేనే.

ఇక మిగిలింది దిష్టి. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి నా ఫ్యాన్‌ను చూసి పోతున్నారు. సైన్సు చదివినవాణ్ణి కనుక అలాంటివి నమ్మను. నమ్మకపోయినా, పెళ్ళి రోజు పొద్దున్నే నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి, అందరిలా బంపర్‌కు కట్టకుండా, దిష్టి తగిలేది ఫ్యాన్‌కే కదా అని తిన్నగా ఫ్యాన్ మోటారుకే కట్టాను.

పెళ్ళి రోజు చిట్కుల్ నుంచి సంగారెడ్డి దాకా కారు వెన్నలా సాగింది. స్విచ్ మీద నాకు తప్ప ఎవరికీ అధికారం లేదు కాబట్టి డ్రైవింగ్ కూడా నేనే. వెనుక సీట్లో పెళ్ళికొడుకు, ముందు నా పక్కన మామ. ఆయన అద్దంలోంచి కొడుకు తలపాగాను చూసుకుంటూ, తన పెళ్ళినాడు ఈ సీట్లోనే తన తండ్రి కూర్చున్నాడని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు అసలైన కన్నీళ్ళు ఆ రెండు చుక్కలే.

హాలుకు అర కిలోమీటరు దూరంలో బ్యాండు అందుకుంది. నవీన్ దోస్తులు కారు ముందు చిందులు మొదలుపెట్టారు. కారు నత్తనడక, నెత్తిన ఎండ. డ్యాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే ముల్లు లేచింది. అందరికీ కనబడేలా చెయ్యెత్తి స్విచ్ నొక్కాను. రయ్యిమంది. ముందు ఆడుతున్న కుర్రాళ్ళ చొక్కాలు రెపరెపలాడాయి, వాళ్ళు ఇంకా ఊపుగా ఎగిరారు. రెండు నిమిషాలకు వాళ్ళు మొహాలు తుడుచుకుంటూ పక్కకు జరగడం మొదలైంది. ముల్లు ఇంకా పైకి పోయింది. ఫ్యాన్ ఇప్పుడే కదా అందుకుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"బావా, హీటర్ ఏమన్న పెట్టినవా?" అన్నాడు నవీన్.

అప్పుడే ఆడపెళ్ళివారు ఎదుర్కోళ్ళకు ఎదురొచ్చారు. ముందు పెళ్ళికూతురు నాన్న, చేతిలో బుక్కా గులాల్ పళ్ళెం. వెనుక పట్టుచీరల దండు. ఆయన మర్యాదగా కారు ముందు నిలబడగానే పళ్ళెంలోని గులాల్ అంతా లేచి ఆయన మొహానికే అంటుకుంది. అంతా నవ్వారు. నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడు కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. ఆ కుదుపుకు మోటారుకు కట్టిన దారం ఊగి రెక్కల్లో పడింది.

టకటకటకమని చప్పుడు. ఏడు మిరపకాయలు, ఒక నిమ్మకాయ. మా అత్తమ్మ మిక్సీ కూడా పచ్చడి అంత మెత్తగా చేయలేదు. వేడి వేడి గాలితో కలిసి అదంతా జాలీలోంచి బయటికి దూసుకెళ్ళి రెండు కుటుంబాల కళ్ళల్లో సమానంగా పడింది. ఆ విషయంలో నేను పక్షపాతం చూపలేదు. ఒకటే దగ్గులు, తుమ్ములు, ఏడుపులు. ఎదుర్కోళ్ళకు వచ్చినవాళ్ళు ఎదురుగా ఎవరున్నారో చూడకుండా ఒకరి భుజం మీద ఒకరు పడి కళ్ళు తుడుచుకున్నారు. అదే సమయంలో రేడియేటర్ బుస్సుమని ఆవిరి కక్కింది. ఇంజన్ ఆగిపోయింది.

ముహూర్తానికి ముప్పావు గంట కూడా లేదు. దిగి నడుద్దామని ఎవరో అన్నారు.

"నా కొడుకు దిగడు," అన్నాడు మామ. "ఈ కార్లనే పోతడు. లేకుంటే నేను పెండ్లికే రాను."

అని నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. వారం రోజులుగా ఊరంతా తిరిగి మా అల్లుడు, మా అల్లుడు అని చెప్పుకున్న మనిషి చూసిన ఆ చూపుకు, నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

జనంలోంచి తెల్ల కుర్తాలో ఖాజా భాయ్ వచ్చాడు. పెళ్ళికి పిలిచిన చుట్టంగా వచ్చాడు పాపం, పనిముట్లు కూడా లేవు. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని బానెట్ ఎత్తి, కాసేపు చల్లారనిచ్చాడు. తర్వాత ఒక కాగితం కావాలన్నాడు. మామ డ్యాష్‌బోర్డు అర వెతికితే దొరికింది ఒకటే, నా రెండు సంతకాల కాగితం. ఖాజా భాయ్ ఫ్యాన్ ఆన్ చేయించి ఆ కాగితాన్ని జాలీ ముందు పట్టుకుని వదిలాడు. అది గాల్లోకి లేచి నేరుగా వెళ్ళి పెళ్ళికూతురు నాన్న ఛాతీకి అతుక్కుంది.

"గాలి లోపలికి పోతే కాగితం జాలీకి అంటుకోవాలె సార్," అన్నాడు ఖాజా భాయ్. "మీరు ఫ్యాన్ ఇంజన్‌కు పెట్టలే. బారాత్‌కు పెట్టిన్రు."

అప్పుడు గుర్తొచ్చింది, నేను తిప్పి బిగించిన సంగతి. ఫ్యాన్‌ను తిప్పితే గాలి కూడా తిరుగుతుందన్న ముక్క ఐదో క్లాసు పిల్లాడికి తడుతుంది, ఇన్‌చార్జికి తట్టదు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆనందించిన ఆ చల్లగాలి, పాపం ఇంజన్‌కు దక్కాల్సింది.

ఖాజా భాయ్ మోటారుకున్న రెండు వైర్లు విప్పి, పళ్ళతోనే కొసలు ఒలిచి, ఇటుది అటు, అటుది ఇటు కలిపాడు. రెండు నిమిషాల పని. రేడియేటర్‌లో మెల్లగా నీళ్ళు పోయించాడు. మళ్ళీ కాగితం పెడితే జాలీకి బల్లిలా అతుక్కుంది. రెక్కలు వెనక్కి తిరుగుతుంటే గాలి సగమే వస్తుందని, హాలు దాకా అది చాలని, తర్వాత మాత్రం రేడియేటర్ విప్పి కడగాల్సిందేనని చెప్పాడు. స్టీరింగ్ దగ్గర ఆయనే కూర్చున్నాడు. నేను కారు ముందు నడిచాను, డాన్సు చేసే అర్హత కూడా లేకుండా. ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు నవీన్ తన తండ్రి దిగిన కారులోంచే దిగాడు. మామ ఖాజా భాయ్‌ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

పెళ్ళి వీడియో తీసినవాడికి అసలు సంగతి తెలియదు. ఎదుర్కోళ్ళలో అందరూ ఏడుస్తుంటే పైన సన్నాయి మీద విషాదం పెట్టి, స్లో మోషన్‌లో చూపించాడు. ఆడపెళ్ళివారి దూరపు బంధువులు ఇప్పటికీ అది చూసి, మగపెళ్ళివారిది ఎంత మెత్తటి మనసో అనుకుంటారట.

మామ నన్ను ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్క మాట అనలేదు. ఆ మాట అవసరం లేకుండా ఇంకో మాట దొరికింది ఆయనకు. నేను వాళ్ళింట్లో బల్బు మార్చినా, గ్యాస్ బండ బిగించినా, ఆఖరికి కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినా, పేపర్‌లోంచి తల ఎత్తకుండా అడుగుతాడు.

"సరిసూసినోళ్ళెవరు అల్లుడా?"

అందుకే పోయిన నెల ఒక తెల్లకాగితం తీసుకుని, స్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని ప్రతిజ్ఞ రాశాను. ఇకమీదట నా సొంత స్కూటర్‌తో సహా ఏ వాహనానికీ ఏ భాగమూ బిగించను, విప్పను, తిప్పను. మిరపకాయలను కూరలో తప్ప ఎక్కడా వాడను. ఒకే కాగితం మీద రెండు సంతకాలూ నేనే పెట్టను. 'చేసినవారు' దగ్గర నా పేరు రాసి, రెండో సంతకం కోసం సంగారెడ్డి వెళ్ళాను. ఖాజా భాయ్ షెడ్డులో సర్వీసింగ్‌కు వచ్చిన మామ అంబాసిడరే ఉంది, ఎప్పుడో కడిగిన రేడియేటర్‌తో, అటక మీంచి దిగిన పాత ఫ్యాన్‌తో.

ఆయన నా ప్రతిజ్ఞను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాడు. లేచి వెళ్ళి కారు స్టార్ట్ చేసి, కాగితాన్ని జాలీ ముందు పట్టుకుని వదిలాడు. అది అతుక్కున్నాకే సంతకం పెట్టాడు.