మెడవాపు లేని వానపాములు

ఆ రోజుల్లో డిగ్రీ చదువంటే, పుస్తకంలో ఉన్నదంతా జీవుల్ని కోసే మైనపు పళ్లెంలోనూ కనబడుతుందని నమ్మేవాళ్లం. ఫలక్‌నుమాలో మా బాపుకు పాతిక బర్రెలుండేవి (సరే, ఆరు, అందులో రెండు వట్టిపోయినవి). కొట్టం వెనక పేడదిబ్బ తవ్వితే ఎర్రలే ఎర్రలు; వానపాముల్ని మావైపు అలాగే అంటాం. అందుకే ప్రాక్టికల్ పరీక్షకు వాటిని తెచ్చే పని జువాలజీ మేడం నాకప్పగించింది. వానపాముకు ఆడా మగా అవయవాలు రెండూ ఒక్క ఒంట్లోనే ఉంటాయి. వాటిని కోసి చూపించడమే పరీక్ష. చూపలేకపోతే క్లాసంతా ఫెయిలు.

బర్రెను కొనేముందు మెడ కింద తడిమి, వాపుంటే వద్దనడం బాపు నేర్పిన విద్య. తవ్వుతుంటే కొన్ని ఎర్రలకు మెడ దగ్గర ఉంగరం తొడిగినట్టు ఉబ్బు కనిపించింది. "సుస్తీవి రా, పక్కకు పెట్టు, మంచివాటికి అంటుతది," అన్నాడు బాపు. వాటిని పగిలిన కుండలో వేరుగా ఉంచి, నున్నటివి డబ్బాలో వేసుకుని పొద్దున్నే కాలేజీకి పోయాను.

మేడం మూత తీసింది. "పట్టీ ఏది రా వీటికి?"

"వాపున్నవి ఏరేసిన మేడం. ఇవన్నీ తందురుస్తు."

"అయ్యో నా తండ్రీ! అది వాపు కాదు, ఈడొచ్చిన గుర్తు. ఆ పట్టీతోనే గుడ్లకు గూడు కడతయి. నువ్వు తెచ్చినవి పిల్లలు. కోస్తే లోపల ఏం కనపడుతది, నీ మొహం?"

"బర్రెల డాక్టర్, మస్తు వైద్యం చేసినవ్ భాయ్!" అన్నాడు వెనక బెంచీ దోస్తు.

పరీక్ష మధ్యాహ్నం. పాల సైకిలెక్కి గాలిలా ఇల్లు చేరాను (దారిలో చైను ఊడిన సంగతి వదిలేయండి). బాపు కుండ ముందు కూర్చుని వాపులకు పూయడానికి పసుపు కలుపుతున్నాడు.

"ఆగు బాపూ! సుస్తీ గాదంట, పెద్దగైనయంట!" అని, ఆడా మగా సంగతి కూడా చెప్పాను.

బాపు వేలు గాల్లోనే ఆగింది. "గదేంది రా? రెండూ ఉంటే ఇంకోదానితోని పనేంది?"

"అయినా జత కూడాల్సిందే బాపూ. ఒకదాని బీజం ఇంకోటి దాచుకుంటదంట."

బాపు పసుపు చెయ్యి తుడుచుకుని కుండ నా చేతికందించాడు. "అన్నీ ఉండి గూడ ఇంకోని ఇంటికి పోవాలె. మస్తుగుంది."

ఆ కుండలో ఒక్క పిల్ల లేదు, అన్నీ ఈడొచ్చినవే. "ఇంత బాగా ఏరిందెవరు?" అని పరీక్ష పెట్టడానికొచ్చినాయన అడిగితే ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. క్లాసంతా పాసైంది, నాకే మొదటి మార్కు (కాదు, నా కత్తి లోతుగా దిగి సగం అవయవాలు తెగిపోయాయి, జాలి మార్కులతో గట్టెక్కాను).

ఇప్పుడు గడ్డం గీసుకుంటుంటే అద్దంలో నా మెడ కింద మెత్తటి మడత ఒకటి కనిపిస్తుంది. వేలితో తడిమి చూసుకుంటాను. బాపు ఉంటే ఈపాటికి పసుపు కలిపేవాడు. ఆ రోజు ఆయనకు చెప్పిన మాటే నాకు నేను చెప్పుకుంటాను: సుస్తీ గాదు, పెద్దగైనవ్.